కార్డు వెనక బొట్టు

కిందటి వారం సింధుజను పొయ్యి మీద పొంగుతున్న పాల ముందు వదిలి వచ్చాం. పాలు పొంగాయి, పొయ్యి తుడవడం కూడా అయింది. ఆమె గుండెలో పొంగినది మాత్రం ఆదివారం ఉదయానికి కూడా దిగలేదు.

జరిగింది ఇంతే. పెళ్ళయి ఆరు నెలలు. అడిలైడ్‌లోని మాసన్ లేక్స్‌లో, కిటికీ తెరిస్తే బాతులు కనిపించే అద్దె ఇంట్లో కాపురం. భర్త బాలమురళి దగ్గర ఒక క్రికెట్ కార్డు ఉంది. పేకముక్కంత అట్ట. ఒక ఫాస్ట్ బౌలర్ మొదటి సీజన్‌లో అచ్చయింది, బొమ్మ కింద అతని సంతకం. చదువుకోవడానికి ఈ దేశం వచ్చిన మొదటి వారంలో, పలకరించే మనిషి లేక బిక్కుబిక్కుమంటూ తిరుగుతూ మురళి ఒక కార్డుల ప్యాకెట్ కొన్నాడట. గదికొచ్చి చింపితే ఇది వచ్చిందట. ‘ఉండరా, వెళ్ళిపోకు’ అని ఈ ఊరే చెప్పినట్టు అనిపించిందట. సింధుజకు ఆ కథ ఎంత ఇష్టమంటే తెనాలిలో అమ్మకు చెప్పింది, చెల్లెలు శ్రీదివ్యకు చెప్పింది, ఇండియన్ స్టోర్లో కరివేపాకు దగ్గర పరిచయమైన వాళ్ళకు కూడా చెప్పింది.

ఆ కార్డునే మురళి ఆదివారం కార్డ్ షోలో, కార్డులు పోగుచేసేవాళ్ళ సంతలో, మార్చేసుకోబోతున్నాడని పొరపాటున బయటపెట్టింది రాజారావు అంకుల్. దాని బదులు ముప్ఫై ఏళ్ళ కిందటి ఒక మహిళా వికెట్ కీపర్ కార్డు తీసుకుని భార్యకు ఇవ్వాలని అతని ఆశ. సింధుజ గుంటూరులో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో కాలేజీ జట్టుకు కీపర్ మరి. కుడిచేతి చిటికెన వేలు ఇప్పటికీ కాస్త వంకరే.

చిక్కల్లా అక్కడే వచ్చింది. కార్డు మీద మచ్చ ఉండకూడదన్నది ఆ లోకంలో మొదటి సూత్రం. మొన్న దసరాకు ఆయుధపూజ చేస్తూ సింధుజ ల్యాప్‌టాప్‌లకు, కారుకు, మిక్సీకి, కుక్కర్‌కు, ఇంట్లో విలువైనదని తోచిన ప్రతిదానికీ బొట్టు పెట్టింది. సొరుగులో ఉన్న ఆ కార్డుకు కూడా. పెట్టింది పైనున్న ప్లాస్టిక్ తొడుగు మీదే. కానీ తొడుగుకు పైన సన్నటి సందు ఉంది. తుడిచాక చూస్తే లోపలి అంచున ఎర్రగా ఏదో కనిపించింది. విప్పి చూద్దామంటే చేతులు రాలేదు. మురళికి చెబుదామని మూడుసార్లు నోరు తెరిచింది. మూడుసార్లూ అతను నవ్వుతూ ఉన్నాడు.

షోకు వెళ్తూ కారులో ఇప్పుడు నాలుగోసారి నోరు తెరవబోతుంటే ముందు సీట్లోంచి రాజారావు అంకుల్ వెనక్కి తిరిగాడు. ముప్ఫై ఏళ్ళు ఈ ఊరి ఆస్పత్రుల్లో మత్తు డాక్టరుగా చేసి రిటైరయిన మనిషి. సొంతూరు భీమవరం. ఆయన గొంతు వింటే మత్తుమందు అక్కర్లేదని భార్య లీల ఆంటీ అంటుంది గానీ, కార్డుల సంగతి వచ్చిందంటే ఆ గొంతుకు ప్రాణం లేచి వస్తుంది.

“అమ్మాయ్, ఫస్ట్ టైమ్ కదా నీకు. నేను చెప్పేది బుర్రలో పెట్టుకో. లోపలికెళ్ళాక మొదటి రౌండు చేతులు జేబులో. కళ్ళతోనే కొనాలి. రెండో రౌండులో బేరం.”

“నా డ్రెస్‌కు జేబుల్లేవంకుల్.”

“అయితే చేతులు కట్టుకో. అడక్కుండా దేన్నీ ముట్టుకోకు. గుండె ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టినోళ్ళని చూశాను, కార్డు మూల పట్టుకుంటే డీలరు పడే భయం వాళ్ళ మొహాల్లో కూడా చూళ్ళేదు. బ్యాగు టేబుల్ మీద పెట్టకు. రేటు స్టిక్కరు మీద ఉంటుంది, అది బ్రహ్మరాత కాదు, నవ్వుతూ అడిగితే దిగుతారు. సరుకును మాత్రం వంకపెట్టకు. సాయంత్రం సర్దుకునే టైముకి ఇంకా దిగుతారు, కానీ మంచివన్నీ అప్పటికి పోతాయి. ఇంతకీ ఆ డబ్బాలో ఏవిటి?”

“పులిహోర.”

అంకుల్ డబ్బా మూత వైపు అనుమానంగా చూశాడు. “పసుపు చేతులతో హాల్లోకి వెళ్తే మనల్ని మళ్ళీ రానివ్వరమ్మా. అది కారులోనే ఉండాలి. ఒక్క చుక్క పసుపు చాలు, కార్డు పని అయిపోయినట్టే.”

మురళి నవ్వాడు. సింధుజ నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూసింది. నవంబరు ఎండలో వీధి పొడుగునా జకరండా చెట్లు ఊదారంగు పూలతో నిండి ఉన్నాయి.

“మురళీ, ఇన్నేళ్ళుగా ఇక్కడున్నావు, నువ్వెప్పుడూ ఈ షోలకు వెళ్ళలేదా?” అనడిగింది, మాట మార్చడానికి.

“టైమ్ కుదరలేదు.”

“ఎక్కడ కుదురుతుంది,” అన్నాడు అంకుల్. “ప్రతి ఏడూ నేను పిలవడం, వీడికి జ్వరం రావడం. ఈసారి వాడంతట వాడే అడిగాడు. పెళ్ళి మహిమ.”

షో ఒక స్కూలు బాస్కెట్‌బాల్ హాల్లో. గుమ్మంలో ఒకావిడ మణికట్టుకు కాగితపు పట్టీ చుట్టి, “ఫస్ట్ టైమా లవ్? అయితే మెల్లగా చూడు, తొందరేం లేదు,” అంది. తెలియని వాళ్ళను కూడా ఇక్కడ ‘లవ్’ అనే పిలుస్తారు. లోపల గీతలు గీసిన చెక్క నేల మీద వరసలు వరసలుగా టేబుళ్ళు. సింధుజ అరుపులూ కేకలూ ఉంటాయనుకుంది. అన్ని వందల మంది ఉన్నా ఆ హాలు లైబ్రరీలా గుసగుసలాడుతోంది. జనం కార్డుల మీద వంగి, అంచులు వెలుతురుకు పట్టి, పెళ్ళిచూపుల్లో పిల్లను చూసినంత శ్రద్ధగా చూస్తున్నారు. తండ్రీకూతుళ్ళు ఒకే పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. గుబురు మీసాల మనిషొకడు తన దగ్గరున్నవి నేల మీద పరుచుకుని ఇంకొకడితో మార్పిడి మాట్లాడుతున్నాడు. ఇద్దరి మధ్యా డబ్బు ప్రసక్తే లేదు.

చేతులు కట్టుకుని మొదటి రౌండు పూర్తి చేసింది సింధుజ. రెండో రౌండులో డాలరు పెట్టె దగ్గర ఆగిపోయింది. ఏది తీసినా డాలరే. వేళ్ళతో దొర్లిస్తుంటే, తెల్ల టోపీ, కళ్ళజోడు, ఇస్త్రీ చొక్కాతో పచ్చగడ్డి మీద బంతి దొర్లిస్తున్న ఒక ముసలాయన దొరికాడు. బ్యాంకు మేనేజరు పదవీవిరమణ ఫొటోలా ఉంది. లాన్ బౌల్స్ ఆటగాళ్ళకు కూడా కార్డులు వేస్తారన్నమాట. ఆ సంగతి ఆమెకు ఎందుకంత సంతోషమిచ్చిందో చెప్పడం కష్టం. డాలరిచ్చి కొనుక్కుని, పల్చటి ప్లాస్టిక్ కవరులో పెట్టించుకుని, మురళికి చూపించింది.

“ఎవరీయన?”

“తెలీదు. కానీ ఎంత నెమ్మదస్తుడో చూడు.”

మురళి ఆమె మొహం వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమె మళ్ళీ బొట్టు మాట మింగేసింది.

మురళి మార్పిడి కుదుర్చుకున్న డీలరు బెవ్ టేబుల్ హాలు చివర, బాస్కెట్‌బాల్ వల కింద ఉంది. అరవై దాటిన మనిషి, పొట్టి నెరిసిన జుట్టు, మెడలో తాడుకు వేలాడే భూతద్దం. మురళి ఈమెకే నెల రోజులుగా మెయిళ్ళు రాస్తున్నాడు. టేబుల్ మీద నల్లటి రబ్బరు చాప, దాని పక్కన విడిగా, సింధుజ కళ్ళు మొదట వాలిన చోట, ఆ వికెట్ కీపర్ కార్డు. వికెట్ల వెనక వంగి కూర్చుంది ఆ అమ్మాయి. గ్లవ్స్ తెరిచి, చూపు బంతి మీద, నాలుక పంటి కింద. సరిగ్గా తను అలాగే కూర్చునేది. హాస్టలు గదిలో ఎవరూ లేనప్పుడు అద్దం ముందు కూడా అలాగే కూర్చునేది.

“నచ్చిందా లవ్?” అంది బెవ్.

సింధుజ తలూపింది.

మురళి సంచిలోంచి కార్డు తీసి చాప మీద పెట్టాడు. ప్లాస్టిక్ తొడుగు వెనక వైపంతా తెల్ల స్టిక్కరు, దాని మీద నీలి సిరాతో ‘నా మొదటి ప్యాకెట్’ అని తెలుగులో అతని రాత. బెవ్ కాగితపు తువ్వాలుతో చేతులు తుడుచుకుంది. భూతద్దం కంటికి పెట్టుకుంది. తొడుగు పైకెత్తింది.

అప్పుడు చెప్పింది సింధుజ. ఇంక ఒక్క క్షణం ఆగితే ఎప్పటికీ చెప్పలేదని తెలిసి చెప్పింది.

“మురళీ, దసరాకు నేను దానికి బొట్టు పెట్టాను.”

“దేనికి?”

“ఈ కార్డుకే. పైన ప్లాస్టిక్ మీదే పెట్టాను. కానీ లోపలికి కుంకం జారినట్టుంది. మొన్నట్నుంచీ చెబుదామనుకుంటున్నాను. నువ్వు నా కోసం ఇంత చేస్తుంటే, నేను దాన్ని పాడుచేసి కూర్చున్నాను.”

కోప్పడతాడనుకుంది. కనీసం మొహం చిన్నబోతుందనుకుంది. మురళి ఆమె వైపు వింతగా చూశాడు. భయపడిన వాడికి అసలు ప్రమాదం పక్క నుంచి వెళ్ళిపోతే కలిగే తేలికదనం లాంటిది ఏదో ఉంది ఆ చూపులో. “ఇంతేనా?” అన్నాడు. “పిచ్చిదానా. దానికేం ఫర్వాలేదు. వెనక చిన్న మరక ఉందని నేను బెవ్‌కు ముందే రాశాను.”

సింధుజ తల ఊపింది. తర్వాత ఆగింది. దసరా బొట్టు తను పెట్టింది. ఆ సంగతి మురళికి ఇప్పుడే తెలిసింది. మరి ఏ మరక గురించి రాశాడు?

బెవ్‌కు వాళ్ళ మాటలు అర్థం కాలేదు గానీ సింధుజ చూపుడు వేలు ఎటు చూపిందో అర్థమైంది. తొడుగు అంచును మెత్తటి గుడ్డతో తుడిచింది. గుడ్డకు ఎర్రగా కొంచెం పొడి అంటింది. “ఇది ప్లాస్టిక్‌కే ఉంది. కార్డుకు తగల్లేదు,” అంది. సింధుజకు ఊపిరి తిరిగింది. బెవ్ రెండు వేళ్ళతో అంచులు పట్టి కార్డును బయటికి తీసి, మూలలు ఒక్కొక్కటీ చూసి, మెల్లగా బోర్లించింది.

వెనక వైపు, అంకెల పట్టిక కింద ఖాళీ జాగాలో, మిరియపు గింజంత పసుపు చుక్క. దాని మధ్యలో కుంకం. రంగు వెలిసి, అట్టలోకి ఇంకిపోయి, ఏళ్ళ నాటి బొట్టు. పెట్టిన వేలి గీతలు కూడా పసుపులో సన్నగా కనిపిస్తున్నాయి.

కుడిచేతి ఉంగరపు వేలు. సింధుజకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తడి పసుపు ముందు, కుంకం తర్వాత, ఇంట్లోకి ఏదైనా మంచి వచ్చినప్పుడు పెట్టేది. ప్యాకెట్‌లోంచి కార్డు బొట్టు పెట్టుకుని రాదు.

బెవ్ భూతద్దం దించింది. చాలాసేపు మురళి వైపు చూసింది.

“ఇది నీకెక్కడిది?”

“ప్యాకెట్‌లో తీశాను,” అన్నాడు మురళి ఇంగ్లీషులో. “చాలా ఏళ్ళయింది.”

“మరకన్నావు. చుక్క అని రాయలేదు.” బెవ్ గొంతు కటువుగా లేదు. అదే సింధుజను భయపెట్టింది. “నీకొకటి చెబుతాను. పెర్త్ నుంచి ఒకావిడ ప్రతి ఏడూ ఈ షోకి వస్తుంది. చీర కట్టుకుని, కింద పరుగు బూట్లు వేసుకుని. ఆటగాళ్ళ పేర్లు ఆమెకు తెలియవు. టేబుల్ టేబుల్‌కూ వెళ్ళి ఒకటే అడుగుతుంది, వెనక ఎర్ర చుక్క ఉన్న కార్డు వచ్చిందా అని. మొదట్లో మేమంతా నవ్వుకున్నాం. తర్వాత నవ్వడం మానేశాం.”

మురళి చూపు రబ్బరు చాప మీదికి దిగింది.

“అది ఆమె కొడుకు కార్డట. ఇల్లు ఖాళీ చేస్తుంటే చెత్తకాగితాలతో పాటు ఆమే పారేసిందని అతని నమ్మకం. పారెయ్యలేదని ఆమె అంటుంది. ఇప్పటికీ ఆ ఇంట్లో ఏ వస్తువు కనపడకపోయినా అందరూ ముందు ఆమె వైపే చూస్తారట.” బెవ్ కార్డును తిరిగి తొడుగులో పెట్టి మురళి చేతికిచ్చింది. “నేను పోలీసును కాదు. పదకొండుకల్లా ఆమె వస్తుంది. నీ భార్యకు చెప్పాల్సింది ఏదైనా ఉంటే ముందు అది చెప్పి రా.”

గోడ మీద గడియారం పదిన్నర చూపిస్తోంది.

బయట స్కూలు వాళ్ళు సాసేజీలు కాలుస్తున్నారు. ఉల్లిపాయల వాసన. జకరండా కింద బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. ఊదా పూలు రెండు మురళి భుజం మీద రాలాయి. ఇంకొక రోజయితే సింధుజ వాటిని తీసి జడలో పెట్టుకునేది.

“వెంకీది,” అన్నాడు మురళి. “నా రూమ్మేట్. వరంగల్. యూనివర్సిటీలో చదివిన రెండేళ్ళూ ఒకే ఫ్లాట్‌లో ఉన్నాం, ఇక్కడే, మన ఇంటికి నాలుగు వీధుల అవతల. ప్యాకెట్ కొన్నది వాడు. చింపింది వాడు. అదే రోజు వాడికి పెర్త్ నుంచి ఇంటర్‌వ్యూ కాల్ వచ్చింది. వాళ్ళమ్మ జయశ్రీ ఆంటీ అప్పుడు మా దగ్గరే ఉన్నారు. లక్ష్మి వచ్చిందని బొట్టు పెట్టారు. వాడు గొడవ చేశాడు, కార్డు పాడయిందని. ఆవిడ నవ్వారు.”

“నీ దగ్గరికెలా వచ్చింది?”

“దొంగతనం చెయ్యలేదు సింధూ. అది నమ్ము. వాడు పెర్త్ వెళ్ళిపోయాక వారానికి నా నోట్సులో దొరికింది. సర్దే గందరగోళంలో కలిసిపోయినట్టుంది. ఆ సాయంత్రం ఫోన్ చేద్దామనుకున్నాను. ఈలోపు వాడే చేశాడు. ‘అమ్మ పారేసిందిరా, నీ దగ్గరేమన్నా ఉందా?’ అన్నాడు. వెనక ఆంటీ ఏడుపు వినిపిస్తోంది.” మురళి చేతుల్లోని కార్డు వైపు చూశాడు. “వాడికి జాబ్ వచ్చింది. నాకు ఒక్క కాల్ కూడా రాలేదు అప్పటికి. రెండు నెలలు ఆంటీ నాకూ వాడికీ కలిపే వండి పెట్టారు, ఆశీర్వాదం మాత్రం వాడికే తగిలిందనిపించింది. ఏదో ఒక్కటి నాకూ మిగలనీ అనుకున్నాను. ‘చూళ్ళేదురా’ అన్నాను. అంతే. ఒక్క మాట. తర్వాత నిజం చెప్పడం రోజుకు కొంచెం కష్టమవుతూ పోయింది. తొమ్మిదేళ్ళయింది.”

సింధుజ తనకు కోపం ఎటు నుంచి వస్తుందో చూద్దామని ఎదురుచూసింది. రాలేదు. దానికి బదులు కాళ్ళ కింద మెట్టు ఒకటి తక్కువైనట్టు అనిపించింది.

“నాకు ఆ ప్యాకెట్ కథ ఎన్నిసార్లు చెప్పావు మురళీ?”

“ఒక్కసారి,” అన్నాడు. “మిగతా అన్నిసార్లూ నువ్వే చెప్పావు. మీ అమ్మకు, శ్రీదివ్యకు, లీల ఆంటీకి. చెప్పినప్పుడల్లా నీ మొహం వెలిగేది. నేను పక్కన నిలబడి వినేవాణ్ణి. అందుకే ఇది ఇంట్లోంచి పోతే చాలనిపించింది. దీని బదులు నీకు నచ్చేది ఒకటొస్తే, ఇది కడిగినట్టయిపోతుందనుకున్నాను.”

అంత ఇష్టమన్న కార్డును అతను ఎప్పుడూ బయటికి తీసి చూడకపోవడం ఆమెకు ఇప్పుడు అర్థమైంది. షోల సమయానికి వచ్చే జ్వరాలు కూడా. ‘నా మొదటి ప్యాకెట్’ అన్న స్టిక్కరు దేనికి అతికించాడో కూడా. తను పెట్టిన బొట్టు ప్లాస్టిక్ మీద నిలిచి, గుడ్డతో తుడిస్తే పోయింది. ఆవిడ పెట్టింది అట్టలోకి ఇంకి, తొమ్మిదేళ్ళు కాగితం కింద చీకట్లో ఉంది.

“ఇంటికెళ్ళిపోదాం,” అన్నాడు మురళి. “అంకుల్‌కు తలనొప్పని చెబుతాను. ఇది రేపే పోస్టులో పంపించేస్తాను. బెవ్ దగ్గర అడ్రసు ఉంటుంది. నా పేరు లేకుండా.”

“పేరు లేకుండా పంపితే ఏమవుతుంది?”

“వాళ్ళ కార్డు వాళ్ళకు చేరుతుంది.”

“కార్డు చేరుతుంది. ఆవిడ మీద పడ్డ మాట ఎవరు తీస్తారు? పారేసి, ఎక్కడో వెతికి తెచ్చి, ఇప్పుడు పోస్టు నాటకం ఆడుతోందనుకుంటాడు వాళ్ళబ్బాయి. ఇంకో తొమ్మిదేళ్ళు అదొకటి.”

మురళి తల దించుకున్నాడు. పక్క బల్ల మీద ఎవరో ప్యాకెట్ చింపుతున్నారు. ఆ సన్నటి చప్పుడుకు ఇద్దరూ ఒకేసారి తలెత్తారు.

“నువ్వు వెళ్తే వెళ్ళు మురళీ. నేను ఆవిడ వచ్చేదాకా ఉంటాను,” అంది సింధుజ. గొంతు పెంచలేదు. “ఆవిణ్ణి చూడాలని ఉంది. అందులో నీకు శిక్ష వెయ్యాలని ఏం లేదు. ఇంట్లో ఏది పోయినా అందరూ నా వైపే చూస్తుంటే నేనేం చేస్తానో ఊహించుకుంటే, ఊళ్ళు తిరిగి టేబుళ్ళ దగ్గర అడుక్కోవడం నాకు తట్టదు. ఆవిడకు తట్టింది.”

పదకొండుకు పది నిమిషాలుందనగా మురళి లేచాడు. కారు వైపు కాకుండా హాలు వైపు తిరిగాడు. సింధుజ అతని చెయ్యి పట్టుకోలేదు గానీ, పక్కనే నడిచింది. ఆరు నెలల్లో అతని పక్కన నడవడం ఇంత బరువుగా ఎప్పుడూ లేదు. అయినా వేరే చోట నడవాలని కూడా అనిపించలేదు. అదీ ఆమెకు వింతగానే ఉంది.

బెవ్ టేబుల్ ముందు మురళి తొడుగు విప్పి, కార్డును బోర్లించి చాప మీద పెట్టాడు.

“ఇది నాది కాదు,” అన్నాడు.

“తెలుసు,” అంది బెవ్. కీపర్ కార్డును తీసి పక్కనున్న పెట్టెలో పెట్టేసింది. అది కళ్ళ ముందు నుంచి వెళ్ళిపోతుంటే సింధుజకు చివుక్కుమనలేదంటే అబద్ధం. “ఆమెకు నువ్వే చెబుతావా?”

“చెబుతాను.”

“అయితే అందాకా ఇది ఎవరి కంటా పడనివ్వను.” బెవ్ తన అరచెయ్యి ఆ కార్డు మీద తేలిగ్గా, తగిలీ తగలనట్టు కప్పి పెట్టింది.

అప్పుడే హాలు అవతలి కొస నుంచి రాజారావు అంకుల్ గొంతు వినిపించింది. పరాయిచోట తెలుగు మొహం కనిపిస్తే ఆయన ఊరుకోలేడు. గుమ్మం దగ్గర ఎవర్నో పట్టుకుని, ఊరూ పేరూ కనుక్కుని, వరసలు కూడా కలిపేసినట్టున్నాడు, చెయ్యి ఊపుకుంటూ వాళ్ళ వైపే తీసుకొస్తున్నాడు.

“మురళీ, చూడు ఎవరు దొరికారో. మన తెలుగావిడ. ఏదో కార్డు కోసం పెర్త్ నుంచి విమానమెక్కి వచ్చారట. నీకన్నా పిచ్చి ముదిరింది. నీ పేరు చెబితే, మాసన్ లేక్స్ బాలమురళా, నాకు తెలుసు అంటున్నారు.”

ఆవిడ పొట్టిగా ఉంది. ఆకుపచ్చ నేత చీర, కింద బూడిదరంగు పరుగు బూట్లు, భుజానికి గుడ్డ సంచి. కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తుకుని ఉంది. సింధుజ కళ్ళు మొదట ఆవిడ కుడిచేతి ఉంగరపు వేలి మీదికే పోయాయి.

జయశ్రీ టేబుల్ వైపు చూడనే లేదు. ఆవిడ చూపంతా మురళి మీదే. దగ్గరికొచ్చి, మాటల్లేకుండా అతని గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఎంత సన్నబడ్డవ్ మురళీ. పెండ్లయిందన్నరు, ఈమెనేనా? బంగారంలెక్కున్నది. ఒక్క ఫోను లేదు, పాడు లేదు. వెంకీ మీద అలిగినవనుకున్న.”

“లేదాంటీ.”

ఆవిడ చుట్టూ చూసింది. టేబుళ్ళు, పెట్టెలు, వంగి చూసే మనుషులు, మురళి చేతిలో ఖాళీ ప్లాస్టిక్ తొడుగు. ఆవిడ మొహంలో ఏదో మెల్లగా వెలిగింది. కళ్ళు నిండాయి.

“నువ్వు గూడ దాని కోసమే దేవులాడుతున్నవా బిడ్డా? ఇన్నేండ్లు నేనొక్కదాన్నే అనుకున్న.”

సింధుజ మురళి వైపు చూసింది. అతనూ ఆమె వైపే చూశాడు, నీళ్ళలో మునిగేవాడు గట్టు వైపు చూసినట్టు. ఆమె తలూపలేదు. తల అడ్డంగానూ ఆడించలేదు. ఆ మాట అతనిది, అతనే చెప్పాలి.

“అవునాంటీ,” అన్నాడు మురళి.

బెవ్‌కు తెలుగు రాదు. అతను చెప్పవలసింది చెప్పేశాడనుకుని, చిన్నగా నవ్వి, కార్డు మీది నుంచి చెయ్యి తీసింది.